ఆయనను వాడుగా దిద్దాను

నేను ముప్పై నాలుగేళ్ళు ఇతరుల వాక్యాలు దిద్ది బతికాను. ఏలూరులో పవర్‌పేట స్టేషను నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక చిన్న ప్రచురణ సంస్థలో పని. చేరినప్పుడు ప్రూఫ్ రీడర్‌ని, మానేసినప్పుడు ఎడిటర్‌ని. మధ్యలో జీతం ఎప్పుడు పెరిగిందో, కుర్చీ ఎప్పుడు మారిందో మీకు అక్కర్లేదు, నాకూ సరిగ్గా గుర్తులేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు ఈమధ్య మా ఇంటికి వచ్చి, "మేడమ్ గారండీ, ముందు ఏం నేర్చుకోవాలండీ?" అని అడిగారు. అప్పటికి వ్యాకరణం అని చెప్పి కాఫీ ఇచ్చి పంపించేశాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. పూర్తి నిజం చెప్పాలంటే నా చేతిలో పాడైపోయిన ఒక పుస్తకం గురించి చెప్పాలి. అది పిల్లలు ఎగబడి చదివిన సూపర్‌హీరో నవల. దాని పేరు 'నీళ్ళబ్బాయి'. దాన్ని పాడుచేసింది నేనేనని ఇంతవరకూ ఎక్కడా రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

నిద్రించిన, నిందించిన

నేను చేరిన కొత్తలో మాకు పుస్తకాలకన్నా కార్డుల పని ఎక్కువ. శుభలేఖలు, దినకార్యాల కార్డులు, చర్చి కరపత్రాలు. నేను తాడేపల్లిగూడెంలో చర్చి పక్క వీధిలో పుట్టాను, మా ఇంట్లో అందరూ మిషన్ బడుల్లో టీచర్లు. కాబట్టి క్రైస్తవుల కార్డులు కళ్ళు మూసుకుని దిద్దగలనని నాకో పొగరు ఉండేది. ఒకసారి నిజంగానే కళ్ళు మూసుకుని దిద్దాను. 'ప్రభువునందు నిద్రించిన మా తండ్రిగారు' అని, అంటే చనిపోయారని, రావలసింది, 'ప్రభువును నిందించిన మా తండ్రిగారు' అని అచ్చయిపోయింది.

మర్నాడు ఆ ఇంటి పెద్దకొడుకు కార్డుల కట్టతో వచ్చారు. ఆయన కార్డు నా ముందు పెట్టి నెమ్మదిగా, "మా నాన్నగారు ఆ పని కూడా చేసేవారండీ, కాదనను. కాకపోతే కార్డు మీద వేయించుకోలేం కదండీ" అన్నారు.

మా యజమాని తెలుగు మాస్టారుగా చేసి వచ్చినాయన. అందరం పంతులుగారు అనేవాళ్ళం. కార్డులన్నీ మళ్ళీ ఊరికే అచ్చువేయించి ఇచ్చి, ఆ మనిషి వెళ్ళాక నన్ను పిలిచారు. తిట్టలేదు. "కనపడ్డ తప్పుతో ఏం భయం లేదు సుగుణమ్మా, దిద్దుతాం, క్షమించమంటాం. ఒప్పు అనుకుని చేసేవి ఉంటాయి చూడు, వాటితోనే చిక్కు" అన్నారు. అప్పుడది నాకు పంతుళ్ళు మామూలుగా చెప్పే నీతివాక్యంలాగే వినపడింది.

ఆయనకొక పద్ధతి ఉండేది. కొత్త రాతప్రతి ఏది వచ్చినా మొదటిసారి కలం లేకుండా చదవాలి. నాకు కాగితాలిచ్చి, నా చేతిలో కలం తీసుకుని తన జేబులో పెట్టుకునేవారు. కలం చేతిలో ఉంటే కన్ను కథని చూడదట, తప్పుల్నే చూస్తుందట. మంచి పద్ధతే. ఆయన దేవుడేమీ కాదు లెండి. పలుకుబడి ఉన్న రచయిత ఎవరైనా వస్తే పంతులుగారి సొంత కలం కూడా జేబులోంచి బయటికి వచ్చేది కాదు. అలా వదిలేసిన చెత్త పుస్తకాలు నాలుగైదు నేనే ప్రూఫులు చూశాను.

గుర్రపుడెక్క పీకే వీరుడు

పంతులుగారు పోయాక ఎడిటర్ గది నాదయింది. కంప్యూటర్లు వచ్చాయి. నా కలం తీసి జేబులో పెట్టుకునేవాళ్ళు లేకపోయారు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు తయారయ్యాను. ఆ మాట నా వెనక మావాళ్ళు అనుకునేవారని తర్వాత తెలిసింది.

ఉద్యోగం చివరి రోజుల్లో హేమ వచ్చింది. సొంతూరు కైకలూరు, అక్కణ్ణుంచే రోజూ వెళ్ళొస్తూ తాడేపల్లిగూడెంలో ప్రైవేటు స్కూల్లో టీచరు, ఇరవై మూడేళ్ళుంటాయి. మూడు లాంగ్ నోట్‌బుక్కులు బల్ల మీద పెట్టి, "కొల్లేరులో జరిగే సూపర్‌హీరో నవలండీ, పెద్దపిల్లల కోసం రాశాను" అంది.

నాకు నవ్వొచ్చింది. "మన కొల్లేరులో సూపర్‌హీరో ఏం చేస్తాడమ్మా, నీళ్ళ మీద అల్లుకున్న గుర్రపుడెక్క పీకుతాడా?"

ఆ పిల్ల నవ్వలేదు. "ఒక అధ్యాయంలో పీకుతాడండీ" అంది.

కథ చెబుతాను, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. ఆకివీడు ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే శీను అనే కుర్రాడు నీళ్ళలో చెయ్యి పెడితే నీళ్ళు మాట వింటాయి. చేపల చెరువుల గట్లు తెంపి, సరస్సుని మళ్ళీ సరస్సుని చేస్తానని బయల్దేరతాడు. జనం నీళ్ళబ్బాయి అని పేరు పెడతారు. అతనికి ఎదురు భద్రయ్య. భద్రయ్యకి మట్టి మాట వింటుంది. గుప్పెడు అడుసు తీసి గట్టు మీద వేస్తే రాయయిపోతుంది. ఆ శక్తితోనే వల వేసుకు బతికేవాళ్ళ దారులు మూసేసి చెరువులు తవ్వించిన మనిషి. ఆ శక్తితోనే వరదొచ్చినప్పుడు ఊరిని కాపాడేదీ ఆయనే. నడుమ ఒకరోజు శీను ఒక గట్టు తెంపుతాడు. నీళ్ళు సరస్సులోకి పోతాయనుకుంటాడు. అవి కాపలాదారు గుడిసె మీదికి పోతాయి. ఇంటిల్లిపాదినీ మెడలోతు నీళ్ళలోంచి భద్రయ్య బయటికి తెస్తాడు. తెల్లారి ఊరంతా గట్టు తెగింది భద్రయ్య పాపం వల్లనే అంటుంది, శీను నోరు విప్పడు. ఇద్దరిలో ఎవరు మంచివాళ్ళో పుస్తకం చివరిదాకా చెప్పదు.

బాగుందని నాకు తెలుసు. బాగున్నదాన్ని ఇంకా బాగుచేద్దామనుకున్నాను.

ఒక పాత్రకు ఒక సర్వనామం

తెలుగులో ఒక మనిషి గురించి ఒక్క వాక్యం రాయాలన్నా, అతనికి ఎంత మర్యాద ఇస్తున్నామో ముందే తేల్చుకోవాలి. వాడు వచ్చాడు, అతను వచ్చాడు, ఆయన వచ్చారు. వచ్చిన మనిషి ఒక్కడే కావచ్చు, చెప్పే మనిషి మారిపోతుంది. ఇది బళ్ళో ఎవరూ చెప్పరు.

హేమ రాతప్రతిలో భద్రయ్య మొదటినుంచి చివరిదాకా 'ఆయన'. వలలు తగలబెట్టించిన రోజు కూడా 'ఆయన నవ్వారు' అని ఉంది. శీను మొదట 'అతను'. గుడిసె కొట్టుకుపోయిన దగ్గర్నుంచి 'వాడు'. మళ్ళీ ఎప్పుడో, కాపలాదారు దగ్గరికి వెళ్ళి నిజం ఒప్పుకున్న పేజీలో 'అతను' అవుతాడు. నేను ఎర్రకలం పట్టుకుని చదివాను కాబట్టి నాకిది నిలకడలేని రాతలా కనపడింది. చిన్నపిల్ల, తొలి నవల, చూసుకోలేదు అనుకున్నాను. మా సంస్థలో పిల్లల పుస్తకాలకు నేను పెట్టిన నియమం ఒకటుంది: ఒక పాత్రకు ఒకటే సర్వనామం. నాయకుడు అతను, దుర్మార్గుడు వాడు.

శీనుకి పెట్టిన 'వాడు'లన్నీ ముందు 'అతను' చేయించి, తర్వాత కంప్యూటర్లో 'ఆయన' ఉన్నచోటల్లా 'వాడు' పెట్టమన్నాను. ఒక్క క్షణంలో పెట్టింది. కానీ తెలుగు అంత తేలిగ్గా లొంగదు కదా. 'ఆయనకు' కాస్తా 'వాడుకు' అయింది, 'ఆయనతో' పోయి 'వాడుతో' అయింది. 'నవ్వారు'లన్నీ అలాగే ఉండిపోయాయి. పది రోజులు కూర్చుని ఒక్కొక్కటీ చేత్తో సరిచేశాను. వాడికి, వాడితో, నవ్వాడు, వెళ్ళాడు. మెడ పట్టేసింది. ఆ పని చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. ఏమరుపాటున జరిగిందని చెప్పుకునే వీలు కూడా లేదు. అంత శ్రద్ధగా చేసిన తప్పు నా ఉద్యోగంలో ఇంకోటి లేదు.

సరే లెండి

ప్రూఫులు చూసుకోవడానికి హేమ ఒక శనివారం తాడేపల్లిగూడెం నుంచి వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు చదివింది. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"భద్రయ్యగారు వాడు అయ్యారేంటండీ?"

నియమం చెప్పాను. పాత్ర ఒకటైతే సర్వనామం ఒకటే ఉండాలని చెప్పాను.

"కథలో ఆయన పెద్దవారు కదండీ."

"విలన్ కదమ్మా. చదివే పిల్లలకి తేడా తెలియాలి."

"తెలియకూడదనేనండీ..." అని మొదలుపెట్టింది. నేను మధ్యలోనే అందుకుని, నా అనుభవం అంతా ఏకరువు పెట్టాను. ఆ పిల్ల వింది. ప్రూఫులు సర్ది బల్ల మీద పెట్టింది.

"సరే లెండి. మీరు పెద్దవారు, చూసే చేసుంటారు" అంది.

మా గోదావరి వైపు 'సరే' అంటే సరే. 'సరే లెండి' అంటే సరే కాదు. నాకు ఇష్టం లేదు, మీతో వాదించే వయసు నాది కాదు, మీ దయ అని దానర్థం. ఇది ఇక్కడ పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. కూరగాయల బండి దగ్గర బేరమాడే మనిషికి తెలుసు. ఎదుటివాళ్ళ కామాల్లో కూడా అర్థాలు వెతికే ఉద్యోగం చేస్తూ, ఆ 'లెండి'ని నేను వినలేదు. వినదలచుకోలేదు అంటే ఇంకా నిజం. పుస్తకం అచ్చుకు వెళ్ళిపోయింది.

టీచరుగారు

'నీళ్ళబ్బాయి' బాగా అమ్ముడుపోయింది. హేమ పనిచేసే బళ్ళోనే పిల్లలు దాన్ని నాటకంగా వేశారు. భద్రయ్య వేషం వేసిన కుర్రాడు స్టేజి మీదికి వస్తే చాలు, హాలంతా ఛీ ఛీ అని అరిచిందట. నాకు ఆ సంగతి ఎవరో గొప్పగా చెబితే నేనూ సంతోషించాను.

పుస్తకం వచ్చిన నాలుగు నెలలకి హేమ ఆఫీసుకి వచ్చింది. మనిషి చిక్కిపోయింది.

"నాన్న పుస్తకం చదివారండీ."

"ఏమన్నారు?"

"మీరు అన్నారండీ."

"నేనేమన్నానమ్మా?"

"మీరు కాదండీ. నన్నండీ. నాన్న నన్ను 'మీరు' అంటున్నారు."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆ పిల్ల చెబుతూ పోయింది. వాళ్ళ నాన్నగారు వెంకటరత్నం గారు కైకలూరు పక్కన చేపల చెరువులు చేస్తారు. నిన్నటిదాకా ఏమే, ఒసే అని పిలిచిన మనిషి, పుస్తకం ముగించిన మర్నాడు పొద్దున "టిఫిన్ చేశారాండీ?" అన్నారట. వాళ్ళమ్మ వేళాకోళం అనుకుని నవ్విందట. మూడోరోజుకి వాళ్ళమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ఒక్క కేక లేదు, ఒక్క తిట్టు లేదు. లేవండి, కూర్చోండి, వెళ్ళొస్తారా. కన్నతండ్రి మర్యాద చేస్తుంటే ఇంట్లో ఉండలేక, హేమ గూడెంలో హాస్టల్లో చేరింది.

"భద్రయ్యగారంటే మా నాన్నేనండీ. మా ఊళ్ళో చదివినవాళ్ళందరికీ తెలిసిపోయింది. నేను ఆయన్ని తిట్టలేదండీ, అడిగాను. ఇంట్లో చెరువుల గురించి అడిగితే గొడవవుద్దని పుస్తకంలో అడిగాను. వాడు అని నేను రాయలేదు నాన్నా అంటే, 'పుస్తకం మీద పేరు తమరిదే కదండీ' అన్నారు."

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉంది నాకు. "నేనొచ్చి చెబుతానమ్మా" అన్నాను.

"వద్దు లెండి" అంది.

ఈసారి నాకు వినపడింది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి

ఆ రోజే బీరువాలోంచి మూడు నోట్‌బుక్కులూ తీసి, కలం లేకుండా చదివాను. గుడిసె కొట్టుకుపోయిన అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి ఏడ్చాను. శీను 'వాడు' అయినచోట, ఎవరో ఆడపిల్లకి గట్టు మీంచి అతన్ని చూస్తుంటే మనసు విరిగినట్టు ఉంది. భద్రయ్య 'ఆయన'గా ఉన్నచోటల్లా అదే పిల్ల, ఆయన చేసిన ప్రతి పాపాన్నీ లెక్కలోకి తీసుకుంటూనే, లేచి నిలబడుతోంది. ఆ సర్వనామాల్లోనే నవలంతా ఉంది. నేను దిద్దిన పుస్తకంలో ఒక మంచివాడు, ఒక చెడ్డవాడు మిగిలారు. అలాంటివి మార్కెట్లో కావలసినన్ని ఉన్నాయి, ఆ పిల్ల రాయనక్కర్లేదు.

తర్వాత రెండో ముద్రణలో అన్నీ వెనక్కి మార్చాం. తప్పు ఎడిటర్‌దని ముందు పేజీలో వేయించాను. మా సంస్థలో కొందరికి అది నచ్చలేదు. నచ్చకపోతే పోనీ అన్నాను, ఎలాగూ ఇంకో ఆరునెలల్లో మానేసేదాన్ని. ఆ ధైర్యం ఇరవై ఏళ్ళ ముందే ఉంటే నేను మంచి ఎడిటర్‌ని అయ్యేదాన్ని.

మీకు చెప్పేది ఇదొకటే. కొత్త రచయిత నిలకడ తప్పినచోట, అది తప్పో, కావాలని చేసిందో ముందు అడగండి. అడిగాక నోరు మూసుకుని వినండి. ముఖ్యంగా మెత్తగా మాట్లాడేవాళ్ళని. గట్టిగా పోట్లాడే రచయితల పుస్తకాలకి మన వల్ల పెద్ద నష్టం జరగదు, వాళ్ళు జరగనివ్వరు. మర్యాదస్తుల పుస్తకాలే మన చేతిలో చస్తాయి. ఇక సూపర్‌హీరో కథలంటే చిన్నచూపు చూసే ఎడిటర్లున్నారు, నేనూ ఒకప్పుడు అంతే. శక్తి ఉన్నవాళ్ళు మంచి చేస్తున్నామనుకుంటూ గుడిసెలు ముంచడం అందులో కథ. అది చదువుతూ కూడా నాకు నేను కనపడలేదు.

గట్టు మీద

వద్దన్నా వెళ్ళాను. నోట్‌బుక్కులు సంచిలో పెట్టుకుని పొద్దున్నే కైకలూరు బస్సెక్కాను. చేపల మేత కొట్టు దగ్గర వెంకటరత్నం గారి చెరువెక్కడని అడిగితే, ఆటో అతనికి చెప్పి పంపించారు.

గట్టు మీద రేకుల షెడ్డు, అందులో నులకమంచం. చెరువులో కర్రలకి మేత సంచులు కట్టి ఉన్నాయి. ఆయన పొట్టిగా, నల్లగా, మడతలు నలగని తెల్లచొక్కాతో ఉన్నారు. నేనెవరో చెప్పగానే కుర్చీ తుడిచి వేశారు.

"రండమ్మా, కూర్చోండి. టీచరుగారు ఊళ్ళో లేరండీ, గూడెంలో ఉంటున్నారు."

కూతుర్ని అలా అంటుంటే నేను కూర్చోలేకపోయాను. చెప్పవలసింది నిలబడే చెప్పాను. "వాడు అని దిద్దింది నేనండీ. మీ అమ్మాయి ఎక్కడా అలా రాయలేదు. వద్దని కూడా చెప్పబోయింది, నేను చెప్పనివ్వలేదు."

"పిల్లని కాపాడదామని అంటున్నారు. మంచిదేనండీ" అన్నారాయన.

నోట్‌బుక్కులు మంచం మీద పెట్టాను. కూతురి చేతిరాత చూసి ఆయన కాసేపు ముట్టుకోలేదు. తర్వాత కళ్ళజోడు పెట్టుకున్నారు. వేలితో వరస పట్టుకుని, పెదాలు కదుపుతూ చదివారు. మధ్యాహ్నం ఇంటి నుంచి క్యారేజీ వస్తే నాకు పెట్టించి, తాను తినలేదు. కూలీలు మేత గురించి ఏదో అడిగితే తల ఎత్తకుండా చెయ్యి ఊపారు. నేను చెరువు చూస్తూ కూర్చున్నాను. మూడో నోట్‌బుక్కు మూసేసరికి ఎండ వాలిపోయింది.

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు.

"అచ్చయినదే నయమండీ" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"వాడు అన్నప్పుడు నాకు కోపం వచ్చిందండీ. కోపం వస్తే పనైపోయింది కదా, ఆ అడిగినవాటికి జవాబు చెప్పక్కర్లేదు. ఇందులో ఆయన, ఆయన అంటూ అన్నీ అడిగేసింది. వలలు ఎందుకు తగలబెట్టించారు అని అడిగింది. ఇంత మర్యాదగా అడిగితే ఏం చెప్పాలండీ?"

నేను నోట్‌బుక్కులు ఒకదానిమీద ఒకటి సర్దాను.

ఆయన లేచి షెడ్డు బయటికి వెళ్ళి, ఫోను తీసి నంబరు నొక్కారు. తను హాస్టల్లో చేరాక ఆయన ఫోను చేయడం అదే మొదటిసారని తర్వాత హేమ చెప్పింది. అవతల ఎత్తినట్టున్నారు. ఆయన గొంతు సవరించుకుని ఒకసారి, మళ్ళీ ఒకసారి నోరు తెరిచి ఆగిపోయారు.

"ఎక్కడున్నావే?" అన్నారు.

అవతల హేమ ఏమన్నదో నాకు వినపడలేదు. ఆయన కాలితో గట్టు మట్టి నొక్కుతూ నిలబడ్డారు.

"ఏడవకే. ముందు నేను చెప్పేది విను. నువ్వు రాసినట్టు గట్టు పైనుంచి తెగదు, కిందనుంచి కోసుకుపోద్ది. పీతబొరియంత చాలు. ఆదివారం ఇంటికి రా, ఎక్కడ తెంపితే నీళ్ళు ఎటు పోతాయో చూపిస్తాను."